వంటింటి బడిలో వాసన పాఠం

మా అమ్మాయి తన కూతురిని బడి మాన్పించింది. ఇంట్లోనే చదువట. పొద్దున లెక్కలు, ఆ తర్వాత సైన్సు, మధ్యాహ్నం 'కుకింగ్ యాక్టివిటీ'. మొన్న పంజాగుట్టలో వాళ్ల ఫ్లాటుకు వెళ్లేసరికి మనవరాలు ఏప్రన్ కట్టుకుని, స్టూలెక్కి, ప్లాస్టిక్ కత్తితో కీరా ముక్కలు కోస్తోంది. ఒక్కో ముక్కకూ లెక్క చెబుతోంది. చూడముచ్చటగా ఉంది. అంతవరకూ నేను నోరు మూసుకునే ఉన్నాను. తర్వాత మా అమ్మాయి ఫోన్లో వీడియో ఆన్ చేసి, పిల్ల చేతికి లైటరిచ్చి, "ఇవాళ స్టవ్ నువ్వే వెలిగించాలి" అంది.

"ఆగవే!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానో, పిల్ల చేతిలోంచి లైటర్ జారి కింద పడింది.

"ఏందమ్మా నువ్వు! గ్యాస్ ఇంకా తిప్పనే లేదు. పిల్ల భయపడదా?"

"భయపడనీ. భయముంటే బతుకుతుంది" అన్నాను.

మా అమ్మాయి నన్ను వింతగా చూసింది. దానికేం తెలుసు! నేను కూడా ఇంట్లో చదువుకున్నదాన్నే. ఇంచుమించు ఏడాదిపాటు, వంటింట్లోనే. ఆ ఏడాది గురించి నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే అందరూ నవ్వే భాగమే వింటారని.

అమీర్‌పేట నుంచి బల్కంపేట వైపు దిగే సందులో ఉండేది మా ఇల్లు. ఇప్పుడక్కడ ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే, ఏ మెట్లు చూసినా హాస్టల్ పిల్లల చెప్పులే. అప్పుడు పెంకుటిళ్లు, మధ్యమధ్యలో బర్రెల కొట్టాలు. పొద్దున పేడ వాసన, కాసేపటికి పక్కింటి కట్టెల పొగ, ఆ వెనకే మా వంటింట్లోంచి కిరసనాయిలు వాసన. గడియారం చూడకుండానే నాకు వేళ తెలిసేది.

అమ్మ ఎర్రమంజిల్‌లో ఒక గవర్నమెంటు ఆఫీసులో టైపిస్టు. నాన్నది రైల్వే ఉద్యోగం, ఇంట్లో ఉన్న రోజుల కంటే డ్యూటీ మీద ఊళ్లు తిరిగిన రోజులే ఎక్కువ. పగలంతా ఇంట్లో ఉండేది నాయనమ్మ, ఇంకా బడిలో వేయని చెల్లి. నాకు పదేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చి జుట్టంతా ఊడిపోయింది. జ్వరం తగ్గింది, జుట్టు మొలిచింది, నేను జామచెట్టు ఎక్కి దూకుతున్నాను. అయినా అమ్మ నన్ను బడికి పంపలేదు. "పిల్లకు ఇంక తాకత్ రాలే. ఈ ఏడు ఇంట్లనే ఉండనీ. అత్తమ్మ చదువు చెప్తది" అంది.

నాయనమ్మ ఎంత మురిసిపోయిందో! ఆమె క్రైస్తవ మిషను బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇస్త్రీ చీర, బిగించిన ముడి, భుజం దగ్గర పిన్నీసు. వంట చేసేటప్పుడు కూడా క్లాసులో నిలబడినట్టే నిలబడేది. బెత్తానికి బదులు చేతిలో అట్లకాడ ఉండేది. "పుస్తకం ఎవరన్న చదువుతరు. చేతులు సుత చదవాలె" అనేది.

అలా వంటిల్లే మా బడి అయింది. బియ్యం కొలిస్తే కొలతల పాఠం. నాలుగు గిద్దెలైతే సోల, రెండు సోలలైతే తవ్వ. పప్పు కడుగుతూ ఎక్కాలు. సర్వపిండి రొట్టె కాల్చి, చాకుతో గాట్లు పెట్టి, "ఇందుల ఎనిమిదోవంతు చెల్లెకియ్యి, నాలుగోవంతు నువ్వు తీస్కో" అనేది. తప్పు తీశామా, ఆ ముక్క ఆమె నోట్లోకి పోయేది. భిన్నాలనగానే నాకు ఇప్పటికీ నువ్వులు, పల్లీలు పంటికింద పడ్డట్టే ఉంటుంది. పాలు తోడుపెట్టిన రోజు సైన్సు. క్రిస్మస్ ముందు పిండి గవ్వలు ఒత్తడానికి తెప్పించిన కొత్త దువ్వెనతో చెల్లి తల దువ్వుకుని కూర్చుంటే, ఆ రోజు శుభ్రత పాఠం, మధ్యలో రెండు దెబ్బలు.

నవ్వే భాగం ఇదే. ఇక మిగిలిందంతా భయం.

మొదటి భయం స్టౌ. ఇత్తడి పొట్ట, మూడు కాళ్లు, పక్కన పంపు. మా సందులో ఆడవాళ్లు ఎక్కడ కూర్చున్నా, ఎవరింట్లోనో స్టౌ పేలిందన్న మాట వచ్చేది. నాయనమ్మ మాత్రం దాన్ని చక్కగా లొంగదీసుకుంది. బర్నర్ కింది గిన్నెలో కాస్త కిరసనాయిలు పోసి ముట్టించేది. బర్నర్ వేడెక్కే దాకా ఆగాలి కదా, ఆ కాసేపు కళ్లు మూయించి ప్రార్థన చేసేది. ప్రార్థన లేకుండా మా ఇంట్లో మెతుకు ఉడకలేదు. ఆమె "ఆమెన్" అనగానే, ఆ రోజు వంతు ఎవరిదో ఆ పిల్ల పంపు కొట్టాలి. బుస్సుమని నీలం మంట లేచేది. నేను పంపు కొడుతున్నంతసేపూ ముఖం పక్కకు తిప్పుకునే కొట్టేదాన్ని.

రెండో భయం వాసన పాఠంతో మొదలైంది. నాయనమ్మ మా కళ్లకు కొంగు అడ్డం పెట్టి, ముక్కు దగ్గర డబ్బాలు పెట్టేది. "ఇదేంది?" "జీలకర్ర." "ఇది?" "మెంతులు." "శభాష్!" పోపు వేసేటప్పుడు కూడా నన్ను పక్కనే నిలబెట్టుకుని, "ఎల్లిపాయ వేగిందా? వాసన చూసి చెప్పు, జల్ది" అనేది. నాకు మహా గర్వంగా ఉండేది. మా ఇంట్లో నాదే మంచి ముక్కు అనుకునేదాన్ని.

ఒకరోజు నేను పెరట్లోంచి వచ్చేసరికి పాలగిన్నె మాడి నల్లటి పొగ వస్తోంది. గిన్నెకు వీపు పెట్టి కూర్చుని నాయనమ్మ తాపీగా బియ్యం ఏరుతోంది. నేను కేక పెడితే ఉలిక్కిపడి లేచింది. "నాకెర్కే. నువ్వు కనిపెడ్తవో లేదో అని చూస్తున్న" అంది. అంది కానీ, గుడ్డ పట్టుకోకుండానే గిన్నె దించి చేతులు కాల్చుకుంది. నాకు అనుమానం వచ్చింది. మర్నాడు ఆమె కూర్చున్నప్పుడు వెనక నుంచి వెళ్లి, ఇంగువ డబ్బా మూత తీసి ఆమె చెంప పక్కనే పట్టుకున్నాను. నా కళ్లలో నీళ్లొచ్చాయి. ఆమె మాత్రం కదల్లేదు.

తల తిప్పి డబ్బా చూసింది. నన్ను చూసింది. కోప్పడలేదు.

"పోయిన చలికాలం పడిశం పట్టింది చూడు, గప్పటి సంది ఏ వాసనా తెల్వదు బిడ్డ. పువ్వు తెల్వదు, పేడ తెల్వదు." గొంతు తగ్గించింది. "మీ అమ్మకు చెప్పకు. చెప్తే నన్ను పొయ్యి కాడికి రానియ్యదు. మంచంల కూసోపెడ్తది."

నేను చెప్పలేదు. చెప్పకపోవడమంటే ఏమిటో ఆ తర్వాత తెలిసింది. స్టౌ వెలిగించిన దగ్గర్నుంచి ఆర్పేదాకా నాకు ఊపిరాడేది కాదు. ఆడుకుంటున్నా ముక్కు మాత్రం వంటింటి వైపే. ఒకసారి నాకే జలుబు చేసింది. ఆ నాలుగు రోజులూ నేను వంటింటి గడప దాటలేదు, వాసన రాకపోతే కనీసం పొగైనా కనిపిస్తుందని. పదేళ్ల పిల్లకు ఆ కాపలా ఏమిటో! తలుచుకుంటే ఇప్పుడు కూడా నాకు ఒళ్లు మండుతుంది.

అలాంటి రోజుల్లో మా ఇంటికి గ్యాసు వచ్చింది. నాన్న ఎప్పుడో పేరు రాయిస్తే అప్పటికి వంతు వచ్చింది. సందులో వాళ్లంతా సిలిండర్‌ను పెళ్లికూతురిని చూసినట్టు చూసిపోయారు. పొద్దున పూట అమ్మ దానిమీద వండేది. మధ్యాహ్నం మా వంటలకు మాత్రం నాయనమ్మ తన స్టౌనే నమ్ముకుంది. గ్యాసు వచ్చిన రోజే అమ్మ నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది.

"కుళ్లిన వాసన లెక్క వస్తది. వచ్చిందంటే ఏం చేస్తవ్?"

"అగ్గిపెట్టె ముట్టను. తలుపులు తెరుస్త."

"తర్వాత?"

"అందర్నీ బయటికి గుంజుకపోత."

మళ్లీ మళ్లీ చెప్పించింది. ఇది నాకెందుకు చెబుతోంది, నాయనమ్మకు కదా చెప్పాలి అని నాకు తట్టనే లేదు.

ఆషాఢం వచ్చింది. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం, ఆ మంగళవారమే బోనాలు. మా సందంతా వేపాకు, పసుపు. పొద్దుట్నుంచి డప్పులు. ఆ రోజే ఇంట్లో కిరసనాయిలు అయిపోయింది. నాయనమ్మ డబ్బా ఊపి చూసి, కాసేపు ఆలోచించి, "ఇయ్యాల గ్యాసు మీద కిచిడీ పాఠం" అంది. చెల్లి ఎగిరి గంతేసింది. అగ్గిపుల్ల గీసే వంతు తనకివ్వమని అది ఎప్పట్నుంచో ప్రాణం తీస్తోంది. నాయనమ్మ దాన్ని పీట మీద నిలబెట్టి, చేతికి అగ్గిపెట్టె ఇచ్చింది. "నేను ఆమెన్ అన్నంక గియ్యాలె. ముందే గీస్తే వీపు పగుల్తది."

డప్పులు దగ్గరికొస్తున్నాయి. చెల్లి మెడ సాచి, కొరడా తిప్పే పోతరాజు కనిపిస్తాడేమోనని కిటికీలోంచి చూస్తోంది. వాన జల్లు కూడా లోపలికి కొడుతోంది. "వాళ్ల మొక్కు వాళ్లది, మన ప్రార్థన మనది" అంటూ నాయనమ్మ కిటికీ మూసి గడియ పెట్టింది. తలుపు కూడా దగ్గరికి వేసింది. వచ్చి సిలిండర్ తిప్పింది. పొయ్యి బిరడా తిప్పింది. పాత స్టౌ దగ్గర చేసినట్టే చేతులు జోడించి, "కండ్లు మూయుండ్రి" అంది.

స్టౌ దగ్గరైతే ముట్టించడానికీ పంపు కొట్టడానికీ మధ్య ప్రార్థన. ఇన్నేళ్లూ ఆమె చేతులకు అదే అలవాటు. ఇక్కడా అలాగే చేసింది.

"ప్రేమగల మా పరలోకపు తండ్రీ..."

ప్రార్థనలో నాయనమ్మ భాష మారిపోయేది. పుస్తకంలో భాష. నిదానంగా, ఒక్కొక్కరినీ పేరుపేరునా దేవుడికి అప్పజెబుతూ సాగేది. ముందు నాన్న రైలు. తర్వాత అమ్మ ఆఫీసు, అమ్మ నడిచొచ్చే రోడ్డు. తర్వాత మా చదువులు. తర్వాత పాస్టరుగారి మోకాళ్ల నొప్పులు. పక్కింటి పెద్దమ్మ, ఆమె బర్రెలు. చిట్టచివర వంట చేసే చేతులు. ఆ చేతుల తర్వాత ఆమెన్.

నాన్న రైలు దగ్గర ఉండగానే నా ముక్కుకు ఏదో తగిలింది. అది ఏ డబ్బాలోనూ లేని వాసన. పాచిపోయిన కోడిగుడ్డులా ఉంది. బయట డప్పుల మోతలో ఇంకేమీ వినపడటం లేదు. కళ్లు మూసుకునే ఉన్నాను. ప్రార్థనలో కళ్లు తెరిస్తే ఆ పూట అన్నం లేదని మా ఇంట్లో చట్టం. తిండి మాట ఎలా ఉన్నా, దేవుడి ముందు కళ్లు తెరవడమంటే నాకు హడల్. పైగా వాసన అంటే చెల్లి వింటుంది, అది సాయంత్రానికి అమ్మకు అంతా చెప్పేస్తుంది, నాయనమ్మ గుట్టు బయటపడుతుంది.

అమ్మ ఆఫీసు అయిపోయింది. వాసన ఎక్కువైంది. "నాయనమ్మా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. డప్పులు సరిగ్గా మా ఇంటి ముందుకొచ్చాయి. మా చదువులు కూడా అయిపోయాయి. ఎంత ముద్దుగా అడుగుతోందో మా చదువుల గురించి! పాస్టరుగారి మోకాళ్లు. కళ్లు తెరిచాను. చెల్లి కళ్లు గట్టిగా మూసుకుని, నాలుక పంటికింద పెట్టి, పుల్లను అగ్గిపెట్టె పక్కకు ఆనించి పట్టుకుంది. పక్కింటి బర్రెలు అయిపోయాయి.

"ఈ వంట చేయు చేతులను..."

నేను చెల్లి మీద పడ్డాను. దాని పిడికిలిని రెండు చేతులతో నొక్కేశాను. పీట తిరగబడి ఇద్దరం కింద పడ్డాం. పుల్లలన్నీ నేల మీద చెల్లాచెదురయ్యాయి. చెల్లి గుక్కపట్టి ఏడ్చింది.

నాయనమ్మ కళ్లు తెరిచింది. దెబ్బ కోసం చెయ్యెత్తింది కూడా. "వాసన! గ్యాసు వాసన నాయనమ్మా!" అని అరిచాను.

ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆమె గట్టిగా గాలి పీల్చింది. మళ్లీ పీల్చింది. ఆమెకేమీ తెలియడం లేదు. ఆ ముఖం నేను చచ్చేదాకా మరిచిపోలేను. అంత పెద్ద మనిషి నా ముఖంలోకి చూస్తూ, "నిజమా బిడ్డ?" అని నన్నడిగింది. బిరడా తిప్పింది. "ఇప్పుడు?" అంది. వాసన తగ్గలేదు. ఏ వైపు తిప్పిందో ఆమెకే తెలియలేదు. "వస్తనే ఉంది!" అని నేను ఏడుస్తుంటే మళ్లీ ఇటు తిప్పింది, అటు తిప్పింది. చివరికి సిలిండర్‌నే మూసేసి, మమ్మల్నిద్దరినీ రెక్క పట్టుకుని బయటికి లాగింది.

తలుపు తెరిచేసరికి ఎదురుగా దీపాలు. సందు నిండా బోనాలు, ప్రతి కుండ మీదా వెలిగే దీపం. వాన పెద్దదైందని పక్కింటి పెద్దమ్మ నెత్తిన బోనంతో మా వసారాలోకి ఎక్కబోతోంది.

"రావొద్దు పెద్దమ్మా!" నేను చేతులు అడ్డం చాచాను.

బోనమెత్తినావిడను ఆపడమా! డప్పుల వాళ్లు ఆగి చూశారు. నాయనమ్మ వానలో తడుస్తూ ఆమెకు చేతులు జోడించింది. "ఇంట్ల గ్యాసు నిండింది వదినే. నీ దీపం... జర దూరం జరుగు, నీ పుణ్యముంటది."

పెద్దమ్మ వెనక్కి వెనక్కి నడిచి, సందు అవతల చూరు కిందికి చేరి, కొంగు ఎత్తి దీపానికి అడ్డం పెట్టుకుంది. "పిల్లలు మంచిగున్నరా?" అని అక్కణ్నుంచి కేకేసింది. నాయనమ్మ మా ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి, వానలో అలాగే నిలబడింది.

సాయంత్రం అమ్మ వచ్చి చెప్పులు విప్పుతుండగానే నాయనమ్మ ఎదురెళ్లింది. నేను ఆమె చీర పట్టుకుని వెనక్కి లాగాను, చెప్పొద్దని. వినలేదు. జరిగినదంతా చెప్పింది. "నాకు వాసన తెల్వదు. నిరుటి సంది దాచిన. ఇయ్యాల పిల్లలను చంపుతుంటి" అంది.

అమ్మ గోడకు ఆనుకుంది. మమ్మల్ని దగ్గరికి తీసుకుని తడిమి తడిమి చూసింది. తర్వాత నేలకేసి చూస్తూ మెల్లగా అంది.

"నాకెరుకే అత్తమ్మ. ఎన్నడో ఎరుకైంది. వంట చేయొద్దని మీకెట్ల చెప్పాలె? మీరు తట్టుకుంటరా? నాకు ఆఫీసుల కూసున్నా మనసు మనసుల ఉండలే. అందుకే పెద్దదాన్ని బడికి తోలలే."

నాయనమ్మ నెమ్మదిగా గడప మీద కూర్చుంది.

"అంటే..." అంది, నా వైపు చూసి. "నేను పిల్లకు చదువు చెప్తున్న అనుకున్న. పిల్ల నాకు కావలున్నదా?"

అమ్మ ఏడ్చింది. నాయనమ్మ ఏడవలేదు. ఆమె ఏడ్చి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బడికి నడిపించింది. హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడి, ఆ ఏడు నేను ఏమేం నేర్చుకున్నానో తనే చెప్పింది. గేటు దగ్గర ఆగి, నా కాలరు సర్దుతూ అడిగింది. "నిజం చెప్పు బిడ్డ. నా తాన ఏమన్న నేర్చుకున్నవా?"

"అన్నీ నేర్చుకున్న నాయనమ్మా."

తలూపి వెళ్లిపోయింది. నిజమే చెప్పాను. భిన్నాల్లో క్లాసులో నన్ను మించినవాళ్లు లేరు. కానీ ఆమె నమ్మిందో లేదో నాకు తెలియదు.

అమ్మ మీద నాకు చాలా ఏళ్లు కోపం ఉండేది. ఒక ముసలామె పరువు కోసం ఇద్దరు పిల్లల్ని నిప్పు పక్కన నిలబెట్టిందని. నాకే పిల్లలు పుట్టి, నేనూ ఉద్యోగానికి వెళ్లాక, ఆ ఎర్రమంజిల్ ఆఫీసులో ఆమె రోజూ ఎంత వణుకుతూ టైపు కొట్టి ఉంటుందో అర్థమైంది. అర్థమైనా కోపం పూర్తిగా పోలేదు. అమ్మా, నాయనమ్మా ఇద్దరూ లేరిప్పుడు, ఎవర్ని అడగను!

ఆ మొదటి రోజు బడి వదలగానే ఇంటికి పరుగెత్తాను. గుమ్మంలో ఆగి, అలవాటుగా గట్టిగా ఊపిరి పీల్చాను. పోపు లేదు, పప్పు లేదు. అమ్మ పొద్దున వండిపెట్టిన చల్లన్నం తిని, గిన్నెలు కడిగి బోర్లించి, నాయనమ్మ మంచం మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెల్లి ఆమె కాళ్ల దగ్గర నిద్రపోయింది.

"ఏమన్న వాసనొస్తున్నదా బిడ్డ?" అని అడిగింది.

"ఏం వస్తలేదు నాయనమ్మా."

"మంచిదే" అంది.

ఇన్నేళ్లలో ఎన్నో భయాలు పడ్డాను. పొయ్యి వైపు చూడనైనా చూడకుండా ఆమె ఆ ఒక్క మాట అన్నప్పుడు వేసినంత భయం నాకు మళ్లీ ఎప్పుడూ వేయలేదు.